షటిల్ వీధి ఖాళీ చేసిన వారం

జీలాంగ్, ఆస్ట్రేలియా
3 ఏప్రిల్ 1981

నాన్నా,

క్లిఫర్డ్ అంత్యక్రియల పనులన్నీ అయిపోయాయి. అనుకున్నదానికంటే ఎక్కువ మందే వచ్చారు. ఎండ కాసింది. ఇల్లు అతను పనిచేసిన మిల్లువాళ్లది కాబట్టి జూన్ చివరికల్లా ఖాళీ చెయ్యాలి. పిల్లలు లేరు కనక నేను ఇక్కడ ఉండాల్సిన పనీ లేదు. వచ్చేస్తున్నాను. చూసిపోవడానికి కాదు, ఉండటానికే.

జూలైలో ఊరంతా సెలవుకి సముద్రానికి పోయే వేక్స్ వారం మొదలయ్యే శనివారానికి చేరేలా టికెట్ తీసుకున్నాను. ఆ వారం కావాలని చూసి మరీ తీసుకున్నాను.

ఇక్కడివాళ్లు మంచివాళ్లే. రోజూ ఎవరో ఒకరు మూతపెట్టిన గిన్నెతో వస్తారు. గిన్నె చేతికిచ్చి నా మొహంలోకి చూస్తారు. నాకు ఏడుపు రావడం లేదు. ఎవరితోనూ మాట్లాడాలని కూడా లేదు. మిగతా అంతా బాగానే ఉంది.

నీ దగ్గు ఎలా ఉంది?

మావిస్


షటిల్ వీధి, బ్రిగ్‌షా
14 ఏప్రిల్ 1981

నా బంగారు తల్లి మావిస్‌కి, నాన్న వెయ్యి ముద్దులతో రాస్తున్నది.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. నిలబడే చదివాను. మళ్లీ కూర్చుని చదివాను. తర్వాత పక్కింటి ఐవీ తలుపు కొట్టి గట్టిగా చదివి వినిపించాను. "నీ గొంతు విని మీ ఇల్లు తగలబడుతోందనుకున్నా, విల్‌ఫ్రెడ్" అంది. "తగలబడటం కాదే, మా మావిస్ వచ్చేస్తోంది" అన్నాను. "పిల్ల మొగుడు పోయి వస్తోంది, నువ్వేమో పెళ్లికొడుకులా గెంతుతున్నావు" అని చివాట్లు పెట్టింది. నిజమే తల్లీ. సంతోషించకూడదని నాకూ తెలుసు. క్లిఫర్డ్ మన వీధిలో పుట్టినవాడు, నా కింద మగ్గాల పని నేర్చుకున్నవాడు, వాడి చెయ్యి పడితే తిక్క మగ్గం కూడా దారికొచ్చేది. కబురు తెలిసిన రోజు మలుపు నుంచి చివరి ఇల్లు దాకా అందరూ కిటికీ తెరలు దించారు. వాడు భూమికి అవతలి వైపున పోయినా సరే, మన పద్ధతి మనది. నసీం వాళ్లింట్లో కూడా దించారు. నసీం అంటే నీకు తెలీదు, మీ హెట్టీ అత్త ఉన్న ఇంట్లో ఇప్పుడు వాళ్లుంటున్నారు. వాళ్లాయన బషీర్ మన లార్క్ మిల్లులో రాత్రి పాళీ చేసేవాడు, ఇప్పుడు బస్సు నడుపుతున్నాడు. అయినా ఏం చెయ్యను, నువ్వు వస్తున్నావంటే నా మనసు ఆగడం లేదు. ఏడుస్తూ ఉండగానే నవ్వొచ్చేస్తోంది, పిచ్చి ముసలాడిననుకో.

వేక్స్ వారం నీకింకా గుర్తుందే! మేమే మర్చిపోయాం. లార్క్ మిల్లు మూసేసినప్పుడే దానితోపాటు అదీ పోయింది. మిల్లులన్నీ ఒకేసారి ఆగితే కదా ఊరంతా ఒకేసారి సెలవు తీసుకునేది? ఇప్పుడు ఎవరి పని వాళ్లది, ఎవరి సెలవు వాళ్లది. సగం మందికి పనే లేదు, వాళ్లకి ఏడాదంతా వేక్సే. చిమ్నీ కూల్చేశారని రాశాను కదా. మిల్లులో కింది అంతస్తు ఇప్పుడు తివాచీల గోదాము. నా మగ్గాలు నిలబడ్డ చోట చుట్టచుట్టిన తివాచీలు నిలబెట్టారు. నేనోసారి లోపలికెళ్లి చూశాను. అంత నిశ్శబ్దం ఆ గోడలకి అలవాటు లేదు పాపం.

అయితేనేం, నువ్వు వేక్స్ అడిగావు కనక నీకు వేక్స్ దొరుకుతుంది! ముందు అందరం ఇక్కడే నీకు ఎదురొస్తాం. ఎవరూ ఊళ్లో లేకుండా పోయే భయమే లేదు. చాపెల్ హాల్లో టీ పార్టీ పెట్టిస్తున్నాను. ఐవీ పంది మాంసం కూరిన 'పోర్క్ పై' కాలుస్తానంది, నసీం ఏదో కారంగా చేస్తానంది, వద్దంటే వినే మనిషి కాదు. తర్వాత నిన్ను బ్లాక్‌పూల్ తీసుకెళ్లి సముద్రం చూపిస్తాను.

మాట్లాడాలని లేదన్నావు. నువ్వేం మాట్లాడక్కర్లేదమ్మా, మాట్లాడటానికి మేమంతా లేమూ?

దగ్గు ఉంది, ఉండనీ.

ఆనందం పట్టలేని నీ నాన్న,
విల్‌ఫ్రెడ్ ఆష్‌వర్త్


జీలాంగ్
25 ఏప్రిల్ 1981

నాన్నా,

ఉత్తరం అందింది. మిల్లు మూసేశారని అప్పుడే రాశావు. చిమ్నీ కూల్చారనీ రాశావు. వేక్స్ పోయిందని మాత్రం రాయలేదు. నేనూ ఆలోచించలేదు. అది మిల్లుది అని ఎప్పుడూ అనుకోలేదు, చలికాలంలా దానంతటదే వస్తుందనుకున్నాను.

టీ పార్టీ వద్దు. దయచేసి ఎవరికీ చెప్పకు. ఇంకే వారమైనా వీధి ఖాళీగా ఉంటుందా? టికెట్ మార్చుకోగలను.

పెట్టెలు సర్దడం మొదలుపెట్టాను. క్లిఫర్డ్ బట్టలు చర్చివాళ్లకి ఇచ్చాను. తీసుకెళ్లడానికి వచ్చినావిడ నా భుజం మీద చెయ్యేసి చాలాసేపు ఉంచింది. ఎప్పుడు తీస్తుందా అని చూస్తూ ఉన్నాను.

మావిస్


షటిల్ వీధి
6 మే 1981

నా చిట్టితల్లికి, బ్రిగ్‌షా అంతా కలిసి పంపిస్తున్న ఆశీస్సులతో నాన్న.

అయ్యో పిచ్చిపిల్లా, ఎంత దిగులు పెట్టుకున్నావు! వీధి ఖాళీగా ఉంటుందేమోనని భయపడ్డావా? ఆస్ట్రేలియాలో నీ చెవిన ఎవరేసినా అది పాత మాట. అవును, కొందరు వెళ్లిపోయారు. కొత్త ఇళ్లు కట్టాక కొండ మీదికి పోయినవాళ్లున్నారు. పై వీధులు రెండిటినీ మున్సిపాలిటీవాళ్లు పడగొట్టి గడ్డి పెంచారు, దాని మీద కుక్కలు తప్ప ఎవరూ తిరగరు. కానీ షటిల్ వీధి మాత్రం నిండుగా ఉంది తల్లీ! ఖాళీ అనే మాటే లేదు. నువ్వే వారం వచ్చినా ప్రతి గుమ్మంలో ఓ మనిషి ఉంటారు, నాదీ హామీ.

ఎవరికీ చెప్పొద్దన్నావు. అది నీ మంచితనం. వాళ్లని శ్రమ పెట్టకూడదని. కానీ నేను అప్పటికే చెప్పేశాను కదా. పైగా శ్రమేముంది, ఈ ఊళ్లో మంచి సంగతి విని ఎన్నాళ్లయింది! వార్త అంటే ఫలానా చోట తీసేశారు, ఫలానావాడు పోయాడు, ఇంతే. నీ రాక మాట ఎత్తగానే మొహాలు ఎలా విప్పారాయో చూడాల్సింది. బాండు మేష్టారు హెరాల్డ్ ఉన్నాడే, మిల్లు బాండు పోయినా బూరలు ఇంకా చాపెల్ కింద గదిలోనే దాచాడు. స్టేషన్ దగ్గర వాయిస్తామంటున్నాడు. "దుఃఖంలో ఉన్న పిల్లకి ఏం వాయిస్తావోయ్" అంటే "నెమ్మదిగా వాయిస్తాం" అన్నాడు.

మలుపు ఇంటి మిసెస్ పోలిట్ బయట నిలబడి నువ్వు కనపడగానే చెయ్యి ఊపుతుంది, అక్కడి నుంచి ఒక్కొక్క ఇంటివాళ్లూ బయటికొస్తారు. నువ్వు నడిచి వచ్చేసరికి వీధి మొత్తం నిన్ను పలకరించినట్టు ఉంటుంది. ఇది నా ఆలోచనే! ఎలా ఉంది?

గుమ్మం రాయి నేనే తోమాను. మీ అమ్మ తోమినట్టు రాలేదు, ఐవీ చూసి "ఆవు నాకినట్టుంది" అని మళ్లీ తోమింది.

రోజులు లెక్కపెట్టుకుంటూ,
నీ నాన్న


జీలాంగ్
17 మే 1981

నాన్నా,

నేను రావడం లేదు. ఇక్కడ ఒక గది చూసుకున్నాను. మెట్లెక్కాలి కానీ విడిగా ఉంది.

నీకు కోపం వస్తుందేమో. అర్థమయ్యేలా రాయలేదు నేను. ఇప్పుడు రాస్తాను.

నాకు తట్టు పోసిన ఏడాది గుర్తుందా? ఊరంతా వేక్స్‌కి వెళ్లిపోతే అమ్మా నువ్వూ నేనూ ఉండిపోయాం. సామాన్లతో అందరూ స్టేషన్‌కి నడిచిపోయారు. మిల్లు ఇంజిన్ కూడా ఆగింది. నువ్వా రాత్రి ఆ మోత లేక నిద్రపట్టక ఇంట్లో తిరిగావు. తెల్లారాక అమ్మ నన్ను దుప్పట్లో చుట్టి గుమ్మంలో కూర్చోబెట్టింది. చిమ్నీలో పొగ లేదు. వీధి చివర కొండ కనపడింది. అక్కడ కొండ ఉందని నాకప్పటిదాకా తెలీదు. ఎవరూ లేరు. ఎలా ఉంది పాపా అని అడగడానికి ఎవరూ లేరు. ఒళ్లంతా దద్దుర్లతో కూర్చున్నాను, ఎవరూ చూడలేదు.

క్లిఫర్డ్ పోయిన దగ్గర్నుంచీ నాకు ఏమీ అనిపించడం లేదు. చెయ్యి తిమ్మిరెక్కినట్టు ఉంది, కానీ ఒళ్లంతా. జనం నన్ను చూస్తారు, ఏడుస్తానేమోనని. ఏడవకపోతే ఎందుకు ఏడవలేదని చూస్తారు. నాకు ఆ వారం కావాల్సింది అందుకే. మలుపు నుంచి మన గుమ్మం దాకా ఎవరికీ మొహం చూపించకుండా నడిచి లోపలికి వచ్చి తలుపేసుకుంటే, ఆ తర్వాత చూసుకోవచ్చనిపించింది. ఆ ఒక్క నడక గురించే ఆలోచించి టికెట్ తీసుకున్నాను.

ఇప్పుడా వారం లేదు. ప్రతి గుమ్మంలో మనిషిని నిలబెడతానన్నావు.

నువ్వు మంచి ఉద్దేశంతోనే చేశావని తెలుసు. హెరాల్డ్‌కీ మిగతా అందరికీ చెప్పు. టికెట్ వచ్చే నెల మొదట్లో వెనక్కి ఇచ్చేస్తాను.

మావిస్


షటిల్ వీధి
27 మే 1981

మావిస్‌కి,

నీ ఉత్తరం మొదటిసారి ఎవరికీ చదివి వినిపించలేదు. జేబులో పెట్టుకుని తిరిగాను. సాయంత్రం ఐవీయే వచ్చి "ఏం, విల్‌ఫ్రెడ్, పొద్దున్నుంచి నీ గొంతు వినపడలేదు, బతికే ఉన్నావా" అంది. చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని నెమ్మదిగా చదివింది.

చదివి ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మా ఆయన జో పోయిన మర్నాడే నేను పనిలోకి ఎందుకెళ్లానో నీకు తెలుసా?" అంది. నీకు డబ్బవసరం అనుకున్నాం అన్నాను. "డబ్బూ లేదు, గిబ్బూ లేదు. మగ్గాల మోతలో ఎవడూ ఏమీ అడగలేడు. పెదాలు చూసి మాటలు పట్టేవాళ్లం కదా, నేను తల దించుకున్నాను, అయిపోయింది. అలా తల దించుకునే చలికాలం గడిపాను. నాకు మగ్గం ఉండేది. ఆ పిల్లకి ఏముంది? నువ్వు బాండు పెడుతున్నావు." "నీ నోటికి తలుపుంటే ఆ పిల్ల వచ్చేది" అని కూడా అంది. అదీ పడ్డాను.

మర్నాడు చాపెల్ హాల్లో టీ పార్టీ గురించి అందరూ కలిశారు. కేకుల మీద తగువు నడుస్తోంది. నేను లేచి, టీ పార్టీ లేదు, మా మావిస్ రావడం లేదు, ఎవరూ లేని వీధిలోకి అయితే వస్తుంది అని చెప్పి కూర్చున్నాను. కేకుల తగువు ఆగిపోయింది. మిసెస్ పోలిట్ మాత్రం "మరీ మనం పులులమా ఏంటి, మింగేస్తామా" అంది. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు నసీం లేచింది. ఆమె అందరిలో మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "మేం వచ్చిన కొత్తలో ప్రతి వేక్స్‌కీ మీరంతా సముద్రానికి వెళ్లేవాళ్లు. మా మగవాళ్లు ఉండిపోయి మిల్లులో యంత్రాలు శుభ్రం చేసేవాళ్లు. వీధిలో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. మొదటి ఏడు మా అమ్మ పోయిన కబురు ఆ వారంలోనే వచ్చింది. కూర్చోవడానికి వీధంతా నాదే. మీరు వచ్చేసరికి నేను బాగానే ఉన్నాను, మీకెవరికీ తెలీలేదు. ఆ అమ్మాయికి కూడా అదే కావాలి. ఇవ్వండి. పైగా నేనింతవరకూ బ్లాక్‌పూల్ చూడలేదు" అంది.

ఇక చూడు! హెరాల్డ్ లేచి "ఇన్ని ఏళ్లుగా వేక్స్ పోయిందని ఏడుస్తున్నాం, పెట్టుకుంటే ఎవరు కాదంటారు" అన్నాడు. బషీర్ తన డిపోలో అడిగి కోచ్ బస్సు తెస్తానన్నాడు. బ్లాక్‌పూల్‌లో మనం దిగే పాత బోర్డింగ్ హౌసు ఇంకా ఉంది, అప్పటి యజమానురాలి కూతురు నడుపుతోంది. పనిలో ఉన్నవాళ్లు ఆ వారానికే సెలవు అడిగారు. గోదాములో చేసే ఇద్దరికి ఇవ్వలేదు, వాళ్లు ఆ వారం చుట్టాలింట్లో ఉండి అటు నుంచే పనికి పోతామన్నారు. మిసెస్ పోలిట్ పిల్లిని కూడా తెస్తానంది. పిల్లిని ఉంచెయ్యి, దానికేం తెలుసు అన్నాను. "పిల్లి కూడా చూస్తుంది కదా" అంది. సరే తెమ్మన్నాను.

నేను ఉండిపోయి నీకు తలుపు తీస్తానన్నాను. "ముందు ఖాళీ చేయించాల్సింది నిన్నే" అంది ఐవీ. అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు. కనక నేను కూడా వెళ్తున్నాను.

కాబట్టి వేక్స్ ఉంది తల్లీ. జూలై పదకొండు, శనివారం. పొద్దున్నే బయల్దేరుతాం. నువ్వు సాయంత్రం చేరేసరికి ఎవరూ ఉండరు, తలుపు ఊరికే చేరవేసి ఉంటుంది. టికెట్ వెనక్కి ఇవ్వకు.

నాన్న


జీలాంగ్
8 జూన్ 1981

నాన్నా,

టికెట్ ఇచ్చెయ్యడానికి వెళ్లాను. కిటికీ దగ్గర వరస పెద్దగా ఉంది, తిరిగి వచ్చేశాను. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది.

గది వద్దని చెప్పేశాను. వస్తాను.

నసీంకి ఏం చెప్పాలో తెలీలేదు. ఏదో ఒకటి నువ్వే చెప్పు.

మావిస్


వంటింటి బల్ల మీద
శనివారం పొద్దున, 11 జూలై 1981

మావిస్,

రొట్టె గుడ్డ కింద ఉంది. బంగాళాదుంప కూరిన 'పై' ఐవీ చేసింది, వేడి చేసుకో. పాలు కిటికీలో నీళ్ల గిన్నెలో పెట్టాను. పొయ్యి దగ్గర బొగ్గు ఉంది. పై గదిలో మంచం వేశాను. వీధిలో ఎవరి కిటికీ తెరలూ దించలేదు, కావాలనే, వెనక ఎవరూ లేరని నీకు కనపడాలని.

కోచ్ బయట హారన్ కొడుతోంది. హెరాల్డ్ అప్పుడే బూర ఊదుతున్నాడు, ఐవీ తిడుతోంది. ఇంకా చాలా రాయాలని ఉంది. రాయను.

నాన్న


షటిల్ వీధి
14 జూలై 1981, మంగళవారం

నాన్నా,

శనివారం సాయంత్రం చేరాను. స్టేషన్ నుంచి నడిచే వచ్చాను. మలుపు తిరిగాక కాసేపు ఆగాను. ఎవరూ లేరు. పెట్టె రాళ్ల మీద ఈడ్చుకుంటూ వచ్చాను, ఆ చప్పుడొక్కటే. తలుపు తీసి లోపలికి వచ్చి వేసుకున్నాను. చాలాసేపు కోటు విప్పకుండా కూర్చున్నాను.

ఆదివారం పడుకున్నాను. నిన్న గుమ్మంలో కూర్చున్నాను. కొండ కనపడింది. ఇప్పుడది ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది కదా, పొగ లేదు కనక. ఆ సంగతి నాకు తట్టలేదు. చూశాను, కొండలానే ఉంది. ఏడుపు వస్తుందనుకున్నాను, అందుకే ఇదంతా చేయించానేమో మీ చేత. రాలేదు. ఐవీ చేసిన 'పై' బాగుంది. అంటే బాగుందని తెలిసింది. ఇన్నాళ్లూ తిన్నవి ఎలా ఉన్నాయో తెలీలేదు.

ఇవాళ పొద్దున కుర్చీ గోడ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. ఎందుకో కాసేపటికి గానీ తెలీలేదు. ఐవీ పొయ్యిలో బూడిద గీకే చప్పుడు కోసం వింటున్నాను. చిన్నప్పుడు ఆ చప్పుడుకే లేచేదాన్ని. అటు పక్కింటి గోడ దగ్గరికి కూడా వెళ్లి విన్నాను. అక్కడా ఏమీ లేదు. అప్పుడు క్లిఫర్డ్ పేరు పైకి అన్నాను, ఎలా ఉంటుందో చూద్దామని. అతను పోయాక ఆ పేరు నా నోటితో అనలేదు. వీధి ఖాళీగా ఉంటే అనొచ్చనుకున్నాను. అన్నాను. వినేవాళ్లు లేరు.

వాళ్లని వారం పూర్తి చేసుకుని రానీ. పాపం నసీం మొదటిసారి చూస్తోంది. నువ్వు మాత్రం ముందు రా. ఒక్కడివే రా. వచ్చి ఎదురుగా కూర్చో. ఏమీ అడగకు. నేను చెబితే విను, చెప్పకపోతే ఊరికే ఉండు. ఉండగలవా?

మావిస్


(బ్లాక్‌పూల్ సముద్రం బొమ్మ ఉన్న కార్డు)
15 జూలై 1981

మావిస్,

రేపు మొదటి రైలుకి.

నాన్న